ఎముక నుంచి బొమ్మ దాకా: శరీర నిర్మాణం తెలుసుకుంటూ మనిషిని గీయడం

గొంతు కింద వేలు పెట్టి చూడండి. రెండు కాలర్ ఎముకలు ఎదురెదురుగా వచ్చి ఆగే చోట చిన్న గుంట తగులుతుంది. అక్కడి నుంచి ఒక ఎముక మీదుగా వేలిని పక్కకు జరుపుకుంటూ వెళ్లండి. అది మొదట కాస్త ముందుకు ఉబ్బి, తర్వాత వెనక్కి తిరిగి, భుజం చివర ఒక గట్టి గడ్డ దగ్గర ఆగుతుంది. ఎంత లావు మనిషికైనా, ఎంత బక్క మనిషికైనా ఈ గుంట, ఈ గడ్డ ఉండేది అక్కడే. మనిషి బొమ్మ ఎలా నేర్చుకోవాలని ఎవరు అడిగినా నేను మొదట చేయించే పని ఇదే. పెన్సిల్ పట్టుకోవడం ఆ తర్వాత.

శరీర నిర్మాణం అనగానే చాలామంది కండరాల చార్టు కొని గోడకు తగిలిస్తారు. నేనూ అదే చేశాను. దాదాపు రెండేళ్లు కండల పేర్లు బట్టీ పట్టాను. ఏ పేరు అడిగినా చెప్పగలిగేవాణ్ణి గానీ, ఎదురుగా కుర్చీలో కూర్చున్న మా నాన్నను గీయాలంటే చెయ్యి ఆడేది కాదు. కండలన్నీ మూటలు పేర్చినట్టు వచ్చేవి. తప్పు ఎక్కడుందో ఆలస్యంగా అర్థమైంది. కండ ప్రతి కదలికకూ ఆకారం మారుస్తుంది. అలా మారిపోయేదాన్ని పట్టుకుని బొమ్మ నిలబెట్టాలని చూస్తున్నాను. ఎముక ఆకారం మారదు. పెద్దయ్యాక మన ఒంట్లో 206 ఎముకలు ఉంటాయి, అందులో చర్మం కింద నేరుగా చేతికి తగిలే ముఖ్యమైన చోట్లు పాతికకు మించవు. అవి దొరికితే కండలు ఎక్కడ పుట్టి ఎక్కడ ముగుస్తాయో వాటంతట అవే తెలుస్తాయి. అందుకే ఇక్కడ క్రమం ఇలా ఉంటుంది: ముందు కదలిక, తర్వాత కొలత, ఆపైన ఎముక, ఆ తర్వాతే కండ, చివర్లో బట్ట.

కావలసిన సామాను

ఖరీదైనవేమీ వద్దు. ఏ3 సైజు న్యూస్‌ప్రింట్ కాగితాలు ఒక కట్ట, వాటిని పట్టి ఉంచే పెద్ద అట్ట, క్లిప్పులు, 2బి, 4బి పెన్సిళ్లు, కాసిని చార్‌కోల్ కడ్డీలు, ఒక బాల్‌పెన్. ఇంట్లో నిలువుటద్దం ఉంటే చాలా మేలు. టైమర్‌కు ఫోన్ ఉండనే ఉంది. రబ్బరును మాత్రం మొదటి రెండు నెలలు డ్రాయర్‌లో పెట్టేయండి. తప్పు గీత పక్కనే సరైన గీత గీస్తే రెండింటి మధ్య తేడా కంటికి కనిపిస్తుంది. చెరిపేస్తే ఆ పాఠం కూడా చెరిగిపోతుంది.

అట్టను వీలైనంత నిలువుగా పెట్టుకోండి. బల్ల మీద పడుకోబెట్టి గీస్తే కాగితం పైభాగం కంటికి దూరమై, బొమ్మ తెలియకుండానే సాగుతుంది. గీత మణికట్టు నుంచి కాకుండా భుజం నుంచి రావాలి.

మొదటి అడుగు: కదలిక

తెలుగు వాక్యంలో క్రియ చివర వస్తుంది. బొమ్మలో మాత్రం క్రియతోనే మొదలుపెట్టాలి. ఎదురుగా ఉన్న మనిషిని చూసి ముందు మనసులో ఒక మాట అనుకోండి: లాగుతున్నాడు, మోస్తోంది, వాలాడు, కునుకుతోంది. ఆ పనిని ఒకే పొడవాటి గీతలో పట్టుకోవడానికి ప్రయత్నించండి. తల దగ్గర మొదలై, వెన్ను మీదుగా దిగి, బరువు మోస్తున్న పాదం దాకా వెళ్లే గీత. దానికి భుజాల వాలు ఒక గీత, నడుము వాలు ఒక గీత. ఒక్కో బొమ్మకు 30 సెకన్లు చాలు. ముఖం వద్దు, వేళ్లు వద్దు.

రోజుకు 20 చొప్పున రెండు వారాలు చేయండి. బస్టాండు, రైతుబజారు, మార్కెట్ యార్డులో బస్తాలు మోసే హమాలీలు, విశాఖ తీరంలో వల లాగే జాలర్లు, ఎక్కడైనా సరే. వల లాగే మనిషి దగ్గర ఒక్క గంట నిలబడితే బరువు అంటే ఏమిటో తెలుస్తుంది. కాళ్లు ముందు ఇసుకలో తన్నిపెట్టి, ఒళ్లంతా వెనక్కి వాల్చి లాగుతాడు. నిలువు గీతతో ఆ బొమ్మ ఎన్నిసార్లు గీసినా రాదు, వాలు గీతతో ఒక్కసారికే వస్తుంది. ఈ అడుగును దాటేసి నేరుగా ఎముకల్లోకి వెళ్తే బొమ్మలు బిగుసుకుపోతాయి. చాలా వివరంగా ఉండి కూడా ప్రాణం లేని బొమ్మలకు కారణం ఎక్కువసార్లు ఇదే.

రెండో అడుగు: కొలత

చెయ్యి చాచి, మోచెయ్యి వంచకుండా, ఒక కన్ను మూసి, పెన్సిల్ కొనను మనిషి తల పైభాగానికి, బొటనవేలిని గడ్డానికి సరిచూసుకోండి. అదే మీ కొలబద్ద. దాన్ని కిందికి దించుకుంటూ వెళ్తే నిలబడిన మనిషి ఎత్తు దాదాపు ఏడున్నర తలలు వస్తుంది. బొమ్మ హుందాగా కనిపించాలని చిత్రకారులు తరచూ 8 తలలు తీసుకుంటారు. 8 తలల బొమ్మలో రెండో తల చనుమొనల దగ్గర, మూడోది బొడ్డు దగ్గర, నాలుగోది తొడలు కలిసే చోట ముగుస్తాయి. అంటే ఎత్తులో సగం పొత్తికడుపు కింది ఎముక దగ్గరే. కొత్తగా నేర్చుకునేవాళ్లు ఈ సగాన్ని బొడ్డు దగ్గర అనుకుంటారు. దాంతో కాళ్లు మరీ పొట్టివవుతాయి.

చేతులు వేలాడదీసినప్పుడు మోచెయ్యి నడుము ఒంపు దగ్గరకు, మణికట్టు తొడ కీలు దగ్గరకు, వేలి కొనలు తొడ మధ్యకు వస్తాయి. పాదం పొడవు ముంజేయి పొడవుకు దగ్గరగా ఉంటుంది. నమ్మకం లేకపోతే మీ పాదాన్ని మీ ముంజేతికి ఆనించి చూడండి. పసిబిడ్డ ఎత్తు మాత్రం 4 తలలే. పెద్దవాళ్ల బొమ్మనే చిన్నదిగా గీస్తే పిల్లల బొమ్మ రాకపోవడానికి కారణం ఇదే.

మన స్థపతులు ఇదే పనికి తాలమానం వాడారు. అక్కడ కొలబద్ద తల మొత్తం కాదు, గడ్డం నుంచి నుదుటి మీద జుట్టు మొదలయ్యే చోటు దాకా ఉండే ముఖం. ఆ ముఖం పొడవే ఒక తాలం, దానిలో 12 అంగుళాలు. నవతాలం అంటే 9 ముఖాల ఎత్తు, 108 అంగుళాలు. ఈ అంగుళం మన స్కేలు మీది అంగుళం కాదు, ఆ విగ్రహం ముఖంలో పన్నెండో వంతు. అందుకే అరచేతిలో పట్టే విగ్రహానికైనా, గోపురమంత విగ్రహానికైనా ఒకటే లెక్క సరిపోతుంది. తిరుపతిలో తితిదే సంప్రదాయ శిల్ప కళాశాల ఈ విద్యను ఇప్పటికీ నేర్పుతోంది. నాకు తాలమానం మీద చాలా గౌరవం. అయితే అది దేవతా రూపాలకు పెట్టిన కొలత. ఎదురుగా ఉన్న మనిషిని గీసేటప్పుడు ఏ లెక్కనైనా మనసులో ఉంచుకుని, ఆ మనిషిని మళ్లీ కొలవాల్సిందే. లెక్కకూ మనిషికీ మధ్య ఉన్న తేడాలోనే ఆ మనిషి పోలిక ఉంటుంది.

మూడో అడుగు: చేతికి తగిలే ఎముకలు

ఈ అడుగుకు నెల రోజులు ఇవ్వండి. అద్దం ముందు నిలబడి, బనియను, నిక్కరు వేసుకుని, వేలితో తడుముకుంటూ వెళ్లాలి.

ముందువైపు: గొంతు గుంట, కాలర్ ఎముకలు, భుజం గడ్డలు. ఛాతీ మధ్యలో నిలువుగా రొమ్ము ఎముక, దాని కింద రెండు వైపులా విడిపోయే పక్కటెముకల కమాను. నడుము దగ్గర చేతులు పెట్టుకుంటే తగిలే కటి ఎముక అంచు, ఆ అంచు ముందుకు వచ్చి ముగిసే రెండు కొనలు. తొడ పక్కన, కాలిని లోపలికీ బయటికీ తిప్పితే చేతి కింద కదిలే తుంటి గడ్డ. మోకాలి చిప్ప, దాని కింద నాలుగు వేళ్ల దూరం లోపు ఉండే చిన్న బొడిపె, అక్కడి నుంచి చీలమండ దాకా కత్తి అంచులా దిగే ముంగాలి ఎముక. చీలమండ గడ్డల్లో లోపలిది ఎత్తుగా, బయటిది కిందుగా ఉంటాయి. ఈ ఒక్కటి సరిగ్గా గీస్తే చాలు, పాదం నేల మీద నిలబడుతుంది.

వెనకవైపు: తల వంచితే మెడ మొదట్లో పొడుచుకొచ్చే పూస. అది మెడలోని 7 పూసల్లో చివరిది. రెక్క ఎముకల లోపలి అంచులు, వాటి పైభాగంలో అడ్డంగా ఉండే గట్టు. నడుము కింద, వెన్నుకు అటూ ఇటూ ఉండే రెండు సొట్టలు. మోచేతి మొన, మణికట్టు దగ్గర చిటికెనవేలి వైపు గడ్డ.

నేను నేర్పేటప్పుడు వాడే ఉపాయం ఒకటుంది. ఒక ప్యాకెట్ బొట్టుబిళ్లలు తెప్పించి, ఈ చోట్లన్నిటి మీదా అంటించండి. మీ మీద మీరే అంటించుకోవచ్చు, లేదా అన్నదమ్ములో స్నేహితులో ఒప్పుకుంటే వాళ్లకు. ఆపైన నిలబడి, కూర్చుని, గొంతుక్కూర్చుని, చెయ్యెత్తి, ఒళ్లు మెలితిప్పి ఫోటోలు తీయండి. ఫోన్ కనీసం 3 మీటర్ల దూరంలో ఉండాలి. దగ్గరగా పెడితే ముందుకొచ్చిన చెయ్యి లావై, కాళ్లు కుదించుకుపోతాయి. ఇప్పుడు ఆ ఫోటోల్లో ఒంటి గీతలు కాకుండా చుక్కలు మాత్రమే కాగితం మీదకు దించండి. ఆ చుక్కలను కలిపితే మనిషి ఏ పని చేస్తున్నాడో కనబడుతుంది. కనబడకపోతే ఏదో ఒక చుక్క తప్పు పడిందని అర్థం.

నాలుగో అడుగు: తల, ఛాతీ, కటి

ఒంట్లో వంగని పెద్ద ముక్కలు మూడే: తల, పక్కటెముకల గూడు, కటి. మధ్యలో వంగేవి మెడ, నడుము. తలను గుడ్డులా, ఛాతీని కింద కోసిన పెద్ద గుడ్డులా, కటిని పెట్టెలా గీయండి. ఒక్కోదాని ముందు భాగంలో నడిమి గీత పెట్టండి. ఒళ్లు తిరిగినప్పుడు ఈ మూడు నడిమి గీతలూ ఒకే వైపు చూడవు. ఆ తేడాయే మెలిక.

ఒక కాలి మీద బరువు వేసి నిలబడండి. బరువు మోసే కాలి వైపు కటి పైకి లేస్తుంది, తుంటి గడ్డ బయటికి పొడుచుకొస్తుంది. పడిపోకుండా ఉండడానికి అదే వైపు భుజం కిందికి వాలుతుంది. తల మళ్లీ ఎదురు వైపు వంగుతుంది. మన శిల్పశాస్త్రంలో త్రిభంగం అనేది దీన్నే. క్రీస్తుపూర్వం 5వ శతాబ్దంలో గ్రీకు శిల్పులు కూడా ఇలా ఒక కాలి మీద బరువు పెట్టిన భంగిమను పట్టుకున్నారు. వీలుంటే ములుగు జిల్లా పాలంపేట వెళ్లి, 1213 నాటి రామప్ప గుడి చూరు కింద ఉన్న మదనికల (స్త్రీ శిల్పాల) దగ్గర ఒక రోజంతా కూర్చోండి. వాళ్ల ఒళ్లు నిజం మనిషి కంటే సాగదీసినవే. అయినా కటి ఎటు లేచిందో, భుజం ఎటు వాలిందో వేలితో చూపించగలరు. నేను అక్కడ ముఖాలు, నగలు అన్నీ వదిలేసి ఒక్కో మదనికకు మూడే గీతలు గీశాను: తల వాలు, భుజాల వాలు, కటి వాలు. ఆ పేజీ ఇప్పటికీ నా బల్ల మీద ఉంటుంది.

బొమ్మ పడిపోతున్నట్టు అనిపిస్తే గొంతు గుంట నుంచి నిలువుగా ఒక గీత దించి చూడండి. ఒంటికాలి మీద బరువు పెట్టి నిలబడిన మనిషికి ఆ గీత బరువు మోసే పాదం చీలమండ దగ్గర పడాలి. పక్కకు పడితే మనిషి నడుస్తూనో తూలుతూనో దేనికో ఆనుకునో ఉండాలి.

అయిదో అడుగు: కండలను దారాలుగా చూడడం

ఇక్కడ లియొనార్డో డావిన్చీ మనకు గురువు. 1510–11 చలికాలంలో ఆయన మార్కాంటోనియో డెల్లా టోరే అనే శరీర శాస్త్రవేత్తతో కలిసి పనిచేశాడు. ఆ కాలంలో గీసిన భుజాల బొమ్మల్లో ఒకే చేతిని కొద్దికొద్దిగా తిప్పుతూ వరసగా చూపించాడు. కొన్నిచోట్ల కండలను నిండు కండలుగా కాకుండా ఎముకకు కట్టిన తాళ్లలా గీశాడు. అలా గీస్తే కింద ఉన్నది కూడా కనబడుతుంది, ఏది ఎటు లాగుతుందో తెలుస్తుంది. ఆ కాగితాలు ఇంగ్లండ్‌లో విండ్సర్ కోట రాజ సేకరణలో ఉన్నాయి. వాటి స్కాన్లను ఇంటర్నెట్‌లో చూడవచ్చు.

కండ గురించి తెలియాల్సిన సంగతులు రెండు. అది లాగగలదు, నెట్టలేదు. లాగినప్పుడు పొట్టిదై లావెక్కుతుంది. కాబట్టి ఏ కండ అయినా ఎక్కడ మొదలై, ఏ కీలు దాటి, ఎక్కడ అంటుకుంటుందో తెలిస్తే చాలు. పేరు అక్కర్లేదు. ముందుగా అస్థిపంజరాన్ని లేతగా గీసుకుని, దాని మీద రంగు పెన్నుతో ఒక్కో కండకు ఒక్కో గీత గీయండి.

ప్రతి భాగానికీ మూడు బొమ్మలు వేయాలి. మొదటిది మంచి శరీర నిర్మాణ పటం చూసి. రెండోది అద్దంలోనో ఎదురుగానో ఉన్న నిజమైన ఒంటిని చూసి. మూడోది ఏమీ చూడకుండా, మరుసటి రోజు. ఈ మూడో బొమ్మే అసలు పరీక్ష. మొదటి రెండూ ఎంత అందంగా వచ్చినా, మూడోది రాకపోతే ఆ భాగం ఇంకా మీది కాలేదు. చాలామంది మొదటి బొమ్మ దగ్గరే ఆగిపోతారు, నోట్‌బుక్కులు నిండుతాయి గానీ చేతికి ఏమీ రాదు.

ఆరో అడుగు: రెక్క

రెక్కాడితే గానీ డొక్కాడదంటారు. బొమ్మ గీసేవాళ్లకు ఆ రెక్క, డొక్కల సంబంధమే అన్నిటికంటే కష్టమైన పాఠం. చెయ్యి ఛాతీకి బిగించి ఉంటుందని మనం అనుకుంటాం. నిజానికి చేతికీ మొండేనికీ ఎముకల కలయిక ఒక్కచోటే, కాలర్ ఎముక గొంతు గుంట పక్కన రొమ్ము ఎముకను తాకే చోట. మిగతాదంతా కండల పట్టు. రెక్క ఎముక పక్కటెముకల మీద పలకలా జారుతుంటుంది.

ఎవరినైనా వీపు మీ వైపు పెట్టి నిలబడి, చెయ్యి పక్క నుంచి మెల్లగా పైకెత్తమనండి. మీ వేలు వాళ్ల రెక్క ఎముక కింది కొన మీద ఉంచండి. మొదట్లో అది పెద్దగా కదలదు. తర్వాత బయటికి, చంక వైపుకు తిరుగుతుంది. చెయ్యి నిటారుగా లేచేసరికి, మొత్తం 180 డిగ్రీల్లో దాదాపు 120 భుజం కీలువి, 60 రెక్క ఎముకవి. అందుకే చెయ్యెత్తిన మనిషిని గీసేటప్పుడు కాలర్ ఎముక కూడా పైకి వాలాలి, భుజం చెవి దగ్గరకు రావాలి. పక్కన వేలాడుతున్న చేతిని అలాగే తీసి పైకి తిప్పి అతికిస్తే ఆ చెయ్యి బొమ్మది అవుతుంది, మనిషిది కాదు.

కండల విషయానికొస్తే, మెడ నుంచి వీపు సగం దాకా గాలిపటంలా పరుచుకున్న కండ ఒకటి. అది కాలర్ ఎముక బయటి చివర, భుజం గడ్డ, రెక్క గట్టు మీద ముగుస్తుంది. సరిగ్గా ఆ గీత మీదే భుజం టోపీ కండ మొదలై, మూడు పాయలుగా దిగి, దండ ఎముక (భుజం నుంచి మోచేయి దాకా ఉండేది) బయటివైపు సగంలో మొనదేలి అంటుకుంటుంది. ఆ మొన దిగే చోట నొక్కితే చిన్న పల్లం తగులుతుంది. చంకకు రెండు గోడలు. ముందు గోడ రొమ్ము కండ, వెనక గోడ వీపు నుంచి వచ్చే పెద్ద కండ. రెండూ దండ ఎముకకే వెళ్తాయి. రొమ్ము కండ అక్కడికి చేరే ముందు జడలా మెలిపడుతుంది, చెయ్యెత్తినప్పుడు ఆ మెలిక విడిపోతుంది. బస్తా ఎత్తుకున్న హమాలీ చంక దగ్గర ఈ రెండు గోడలూ తాళ్లలా బిగుసుకుని కనిపిస్తాయి.

ఈ ఒక్క భాగం మీద నేను మూడు నెలలు కూర్చున్నాను. మీకూ అంత పట్టవచ్చు. తొందరపడకండి.

ఏడో అడుగు: ముంజేయి

ముంజేతిలో రెండు ఎముకలు. చిటికెనవేలి వైపుది మోచేతికి చెందింది. దాని పై మొనే మనం మోచేయి అనేది. బొటనవేలి వైపుది అరచేతికి చెందింది, అరచెయ్యి ఎటు తిరిగితే అటు పోతుంది. ఎడమ చేత్తో కుడి మోచేతి మొన నుంచి మణికట్టు దాకా చిటికెనవేలి వైపు ఎముకను తడమండి, పొడుగునా దొరుకుతుంది. ఇప్పుడు కుడి అరచేతిని పైకి, కిందికి తిప్పండి. మోచేయి కదలదు. బొటనవేలి వైపు ఎముక మాత్రం దాని మీదుగా దాటి అడ్డం పడుతుంది. అరచెయ్యి పైకి ఉంటే రెండు ఎముకలూ పక్కపక్కన, కిందికి తిరిగితే కత్తెరలా ఒకదాని మీద ఒకటి.

ఆకారం దీని వెంటే మారుతుంది. మణికట్టు ఎప్పుడూ చపటా పెట్టెలా ఉంటుంది. మోచేతి దగ్గర కండ గుండ్రంగా ఉంటుంది. ఆ పెట్టె ఎటు తిరిగిందో ముందు గీసి, తర్వాత మోచేతితో కలపండి. దండ కింద బయటివైపు మొదలై, ముంజేతి మీదుగా ఏటవాలుగా దిగి, బొటనవేలి వైపు మణికట్టు చేరే కండను వెతకండి. బరువు ఎత్తబోయే చేతిలో అది ఉబ్బుతుంది. ఇంకో ప్రయోగం: కుడిచేత్తో స్క్రూ బిగిస్తూ ఎడమ చెయ్యి కుడి దండ మీద పెట్టండి. చెయ్యి వంచే కండే అరచేతిని తిప్పుతున్నప్పుడు కూడా గట్టిపడుతుంది.

ఎనిమిదో అడుగు: కాలు

పక్క నుంచి చూస్తే కాలు నిలువు గీత కాదు. తొడ ముందుకు ఉబ్బుతుంది, పిక్క వెనక్కి ఉబ్బుతుంది, రెండూ కలిసి సాగదీసిన పాములా కనిపిస్తాయి. ముందు నుంచి చూస్తే తొడ ఎముక తుంటి నుంచి మోకాలికి లోపలికి వాలుతుంది. మోకాలి పైన లోపలివైపు కన్నీటి బొట్టు లాంటి కండ కిందికి దిగి ఉంటుంది, బయటివైపు కండ అంత కిందికి రాదు. పిక్కలోనూ ఇదే వాలు: బయటి పిక్క ఎత్తుగా, లోపలి పిక్క కిందుగా. చీలమండకు వచ్చేసరికి వాలు తిరగబడి లోపలిది ఎత్తవుతుంది. రెండు వైపులా ఉబ్బులు ఒకే ఎత్తులో పెడితే కాలు బల్ల కోడులా అయిపోతుంది.

కటి ముందు కొన నుంచి తొడను ఏటవాలుగా దాటి మోకాలి లోపలి వైపు కిందికి చేరే సన్నని పట్టీ లాంటి కండ ఒకటుంది. ఒంట్లో అన్నిటికంటే పొడవైన కండ అదే. అది తొడను ముందు భాగం, లోపలి భాగం అని రెండుగా విడదీస్తుంది. నీడ ఎక్కడ మారాలో ఈ ఒక్క గీత చెబుతుంది.

తల, చేతివేళ్లు, పాదాలు

వీటికి విడిగా పెద్ద పాఠాలు కావాలి. ఇక్కడ తప్పులు దిద్దే మాటలు కొన్నే చెబుతాను. కళ్లు తల ఎత్తులో సగం దగ్గర ఉంటాయి, ఇంకా పైన కాదు. చెవి కనుబొమ్మకూ ముక్కు అడుగుకూ మధ్య ఉంటుంది. పక్క నుంచి చూస్తే పుర్రె వెనక భాగం మనం అనుకునేదాని కంటే చాలా పెద్దది. వేళ్లతో కలిపి అరచెయ్యి ముఖాన్ని గడ్డం నుంచి జుట్టు దాకా కప్పుతుంది. వేళ్లు వెనకవైపు పొడవుగా, అరచేతి వైపు పొట్టిగా కనిపిస్తాయి, ఎందుకంటే వేళ్ల మధ్య చర్మం అరచేతి వైపు ముందుకు వచ్చి ఉంటుంది. మెటికలు సరళరేఖలో ఉండవు, కమానులా వంగుతాయి. పాదాన్ని ముందు ఏటవాలు చెక్క ముక్కలా గీసి, వేళ్లను చివర్లో చేర్చండి.

తొమ్మిదో అడుగు: బట్టల్లో ఉన్న మనిషి

మన దగ్గర బట్టలు లేని మోడల్‌ను చూసి గీసే అవకాశం లలిత కళల కళాశాలల బయట దాదాపు లేదు. దాని గురించి దిగులు పడనక్కర్లేదు. పంచె ఎగ్గట్టిన రైతు, బనియను మీద పనిచేసే మెకానిక్, వ్యాయామశాలలో, ఈతకొలను దగ్గర కనిపించే స్నేహితులు, వీళ్లంతా ఉన్నారు. పరిచయం లేనివాళ్లను దగ్గర నుంచి గీసేటప్పుడు అడిగి గీయండి, ముఖ్యంగా ఆడవాళ్లను. వద్దంటే ఆపేయండి. గీశాక కాగితం చూపిస్తే చాలామంది ఇంకో పది నిమిషాలు సంతోషంగా కూర్చుంటారు.

బట్ట ఎక్కడో ఒకచోట ఒంటికి ఆనుతుంది, అక్కడి నుంచే మడతలు పుడతాయి. ఆ చోట్లు చాలావరకు మూడో అడుగులో మనం బొట్టుబిళ్లలు పెట్టినవే. పైట భుజం గడ్డ నుంచి జారుతుంది. కుచ్చిళ్లు నడుము దగ్గర బిగిసి కిందికి విచ్చుకుంటాయి. కూర్చుంటే మోకాలి చిప్ప మీద చీర బిగిసి, రెండు మోకాళ్ల మధ్య ఊయలలా వేలాడుతుంది. మడతలు ముందు గీసి లోపల కాలు ఊహించుకోవద్దు. కాలు గీసి, ఆనే చోట్లు గుర్తుపెట్టి, ఆ తర్వాత మడతలు దించండి. రాజమండ్రిలో దామెర్ల రామారావు చిత్రశాల ఉంది. 1897లో పుట్టి 1925లోనే పోయిన ఆయన బొంబాయి జేజే కళాశాలలో చదువుకున్నాడు. చీర కింద నడుము ఎలా తిరిగిందో, బరువు ఏ కాలి మీద ఉందో వెతుక్కుంటూ ఆయన బొమ్మలు చూడండి.

రోజులు ఎలా పంచుకోవాలి

రోజుకు 40 నిమిషాలు దొరికితే చాలు. మొదటి 10 నిమిషాలు ఎప్పుడూ 30 సెకన్ల, ఒక నిమిషం బొమ్మలే, ఎంత నేర్చుకున్నా ఇది మానొద్దు. తర్వాతి 20 నిమిషాలు ఆ వారం చదువుతున్న ఒక్క భాగం. చివరి 10 నిమిషాలు నిన్నటి భాగం చూడకుండా. ఆదివారం ఒక గంట బయట. కదలికకు రెండు వారాలు, కొలతకు రెండు, ఎముకలకు ఒక నెల, ఛాతీ, కటి పెట్టెలకు ఒక నెల, రెక్కకూ ముంజేతికీ మూడు నాలుగు నెలలు, కాలుకు రెండు నెలలు. తల, చేతివేళ్లు, పాదాలు, బట్టలు కూడా కలిపితే ఏడాది పడుతుంది.

బొమ్మ ఎక్కడో తేడాగా ఉందని తెలుస్తూ, ఎక్కడో తెలియనప్పుడు నేను ఈ వరసలో వెతుకుతాను. కాగితాన్ని అద్దంలో చూస్తాను, వాలు తప్పులు వెంటనే బయటపడతాయి. తర్వాత గొంతు గుంట నుంచి నిలువు గీత. తర్వాత సగం ఎత్తు ఎక్కడ పడిందో. ఆపైన కటి వాలు, భుజాల వాలు. ఇవన్నీ సరిగ్గా ఉంటేనే కండల దగ్గరికి వెళ్తాను. పదిసార్లలో ఎనిమిదిసార్లు అక్కడిదాకా వెళ్లే అవసరం రాదు, తప్పు పైనే దొరుకుతుంది. దొరికాక ఆ బొమ్మను దిద్దను. పక్కన కొత్త కాగితం పెట్టి, అదే భంగిమను మొదటి గీత నుంచి మళ్లీ గీస్తాను.